పంతొమ్మిదో సీజన్ గాలి

నేను తప్పు చేయను. మా కొకొమో ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఇరవై ఆరేళ్ళుగా గాజు అరగదీస్తున్నాను. వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే ఆ అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి మెట్టు ఎక్కడుందో తెలియదు, కళ్ళు తిరుగుతాయి. అందుకే మా లీగులో ఆటగాళ్ళ కార్డులు తయారుచేసే పనిని మొదటి సీజన్‌లోనే నాకు అప్పగించారు. "వెర్నా చేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అనేవాడు మా లీగు పెద్ద నార్బర్ట్. నిజంగానే ఎవరూ చూసుకునేవారు కాదు. నా కొంప ముంచింది అదే.

మా బాస్కెట్‌బాల్ లీగులో ఎనిమిది జట్లు, ఎనిమిది మంది యజమానులు ఉన్నారు, బంతి మాత్రం ఒక్కటీ లేదు. ఆటగాళ్ళందరూ కాగితం మీద పుట్టినవాళ్ళే. ఏటా జూన్‌లో పాచికలు వేసి ఇరవయ్యేళ్ళ కొత్తవాళ్ళని పుట్టిస్తాం, పేర్లు పెడతాం, పద్నాలుగు పదిహేను సీజన్లు ఆడిస్తాం, ముసలివాళ్ళయ్యాక కార్డు చించేస్తాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం, చర్చి అయిపోయాక, టెండర్లాయిన్, అదే వేయించిన పంది మాంసం శాండ్విచ్‌లు అమ్మే కొట్టు వెనక హాల్లో చేరతాం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఇళ్ళల్లో పెళ్ళాలు, మొగుళ్ళు, పిల్లలు నవ్వీ నవ్వీ అలిసిపోయి ఎప్పుడో మానేశారు.

ఆట తేలిక. పది ముఖాల పాచికలు రెండు, ఎర్రది పదులకి, తెల్లది ఒకట్లకి. షూటర్ కార్డు మీద యాభై రెండు అని ఉంటే, పాచికల్లో యాభై రెండు గానీ అంతకు తక్కువ గానీ వస్తే బంతి బుట్టలో పడినట్టు. ఎదురుగా మంచి డిఫెండర్, అంటే షాటు ఆపేవాడు, నిలబడి ఉంటే అతని అంకెని అందులోంచి తీసేస్తాం. అది ఐదైతే నలభై ఏడు దాటకూడదన్నమాట. ఈ ఆపుడు అంకె జట్టుకి ఇద్దరు ముగ్గురికే ఉంటుంది, మిగతావాళ్ళకి సున్నా. నా గ్రీన్‌టౌన్ జట్టులో మాత్రం ఐదుగురు ఉండేవారు. నాకు మొదటి నుంచీ ఆపేవాళ్ళంటేనే ఇష్టం.

ఒక కఠినమైన నియమం కూడా ఉంది. వరసగా మూడు సీజన్లు ఆఖరున నిలిచినవాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాలి. చేరడానికి పేరు రాయించుకుని ఐదుగురు ఎదురుచూస్తున్నారు కాబట్టి దయాదాక్షిణ్యాలకి చోటు లేదు. ఎల్డన్ స్ట్రూబ్ నడిపే బంకర్ హిల్ జట్టు అప్పటికి రెండు సీజన్లు వరసగా ఆఖరున నిలిచింది.

ఎల్డన్ గేర్ల కర్మాగారంలో ముప్పై మూడేళ్ళు ప్రెస్సు దగ్గర పనిచేసి దిగిపోయిన మనిషి. ఆ మోతకి చెవులు మూడొంతులు పోయాయి. బయట జనం ఒక మాట రెండోసారి చెప్పాల్సి వస్తే విసుక్కుంటారు, మూడోసారి "పోనీలే, ఏం లేదు" అనేస్తారు. ఆ "పోనీలే"లు పోగుపడి పోగుపడి అతను ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. మా హాల్లో మాత్రం అందరం గొంతు చించుకునే మాట్లాడతాం. మొదట్లో అతని కోసమే మొదలుపెట్టాం, తర్వాత అదే అలవాటైపోయింది. కొట్టు యజమానురాలు మాకు "చెవిటి మాలోకం లీగు" అని పేరు పెట్టింది. వారం మొత్తంలో ఎల్డన్ మనుషుల మాట వినేది ఆ నాలుగు గంటలే. కుర్చీ పోతే అదీ పోతుంది. ఈ సంగతి మా అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ఇక గాలి సంగతి. నాలుగు ఆదివారాలకోసారి నేనొక కాగితం రాసి అందరికీ పంచేదాన్ని. దాని పేరు "గాలి ఎటు". ఒక్కో జట్టు ఆటకి సగటున ఎన్ని పాయింట్లు చేస్తోంది, వేసేవాళ్ళది పైచేయా ఆపేవాళ్ళదా అన్నదే అందులో విషయం. పదిహేనో సీజన్‌లో సగటు తొంభై ఎనిమిది. తర్వాత నూట మూడు, నూట తొమ్మిది, పద్దెనిమిదో సీజన్‌లో ఏకంగా నూట పద్నాలుగు. ఎవడు ఎక్కణ్ణించి విసిరినా పడిపోతోంది. ఆపేవాళ్ళని నమ్ముకున్న నాలాంటివాళ్ళం నవ్వులపాలయ్యాం. చివరికి మే నెల సమావేశంలో ఓటేసి, షూటర్ల అంకెలు నాలుగు తగ్గించాలని తీర్మానించాం. నార్బర్ట్ ఒక పసుపు చీటీ మీద "నాలుగు తగ్గించాలి" అని రాసి నా చేతికిచ్చాడు.

1993 నవంబరులో పంతొమ్మిదో సీజన్ మొదలైంది. సగటు నూట నాలుగుకో ఐదుకో దిగుతుందని నా అంచనా. నాలుగు ఆదివారాలయ్యేసరికి తొంభై ఒకటికి పడిపోయింది.

"పిల్లలకి షూటింగు చాతకావట్లేదు," అన్నాడు నార్బర్ట్ శాండ్విచ్ నములుతూ. "ప్రాక్టీసు చెయ్యట్లేదు."

"ఏ పిల్లలు పెద్దాయనా? ఈ కాగితం పిల్లలా?" అన్నాడు డ్వైట్ క్లింగర్. రొట్టెల వ్యాను నడుపుతాడు, టిప్టన్ జట్టు అతనిది. ఎవరినైనా ఆటపట్టించకపోతే అతనికి తిన్నది అరగదు.

"కాగితం పిల్లలైతే కష్టపడక్కర్లేదా?"

"నిజమే. రేపణ్ణించి తెల్లారే లేపి మైదానం చుట్టూ పరిగెత్తించు. కాకపోతే గాలొస్తే ఎగిరిపోతారు, ఇటుక పెట్టు మీద."

ఎల్డన్ నవ్వలేదు. తన షూటర్ క్లియన్ హ్యాచ్ కార్డుని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. హ్యాచ్ పద్నాలుగేళ్ళ కిందట పుట్టినప్పుడు, దారిలో ఒక పొలం దగ్గర పోస్టు డబ్బా మీద చూసిన పేరు పెట్టాడట. ఆ డబ్బా వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు. హ్యాచ్ మాత్రం పుట్టిన నాటి నుంచి బంకర్ హిల్‌కి ప్రాణం.

"హ్యాచ్ చేతిలో పస పోయింది!" అన్నాడు ఎల్డన్. "ముప్పై నాలుగొచ్చాయి కదా! నాలాగే తయారయ్యాడు!"

"నీ చేతిలో ఎప్పుడుందయ్యా పస!" అని అరిచాడు డ్వైట్. అందరం నవ్వాం.

ఆ నెల నా కాగితంలో ఇలా రాశాను: "ఆపేవాళ్ళ కాలం వచ్చింది. షూటర్లని నమ్ముకున్నవాళ్ళు ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది." రాసి నాలో నేనే మురిసిపోయాను. పద్దెనిమిది సీజన్లలో ఒక్కసారి కూడా లీగు గెలవని గ్రీన్‌టౌన్ మొదటి స్థానంలో ఉంది మరి. గాజు అరగదీస్తూ కూనిరాగాలు తీసేదాన్ని. దుకాణం అమ్మాయి "ఎవర్నైనా ప్రేమించావా వెర్నా?" అని అడిగింది. యాభై ఏడేళ్ళ మనిషిని అడిగే మాటేనా అది? కోపం కూడా రాలేదు నాకు.

జనవరి మొదటి గురువారం, మధ్యాహ్నం తిండి వేళ, గాజు అరగదీసే గదిలోనే కార్డుల పెట్టె తెరిచాను. రెండో "గాలి ఎటు" రాయాలి, పాత అంకెలతో పోల్చాలి. నా డిఫెండర్ ఒరిన్ టేట్ కార్డు తీశాను. పోయిన సీజన్‌లో ఐదు, ఇప్పుడు తొమ్మిది. ఆపుడు అంకె ఏడాదికి ఒకటో రెండో పెరుగుతుంది. నాలుగు పెరగడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకొకణ్ణి తీశాను, మూడు కాస్తా ఏడైంది. ఇంకొకడు. ఇంకొకడు. పదకొండు కార్డులు తీసి బల్ల మీద పరిచాను. పదకొండుకి పదకొండూ నాలుగే పెరిగాయి.

నాకొక పద్ధతి ఉంది. సమావేశం చెప్పిన మార్పు చేసేశాక చీటీ మీద టిక్కు పెడతాను. షూటర్ల కార్డులు జులైలో చేస్తాను, డిఫెండర్లవి సెప్టెంబరులో. పసుపు చీటీ పెట్టె అడుగున ఉంది. దాని మీద రెండు టిక్కులున్నాయి, ఒకటి నీలం సిరా, ఇంకొకటి నలుపు.

జులైలో షూటర్లకి నాలుగు కోశాను. సెప్టెంబరులో అదే చీటీ చూసుకుని, చేసిన పని మర్చిపోయి, ఆపుడు అంకె పెంచినా షాటుకి నాలుగు తగ్గినట్టే కదా అని డిఫెండర్లకి నాలుగు కలిపాను. ఒకే మందుని రెండుసార్లు పోశాను రోగికి. మంచి డిఫెండర్లు ఉన్నవాళ్ళకి ఊరికే లాభం, షూటర్లని నమ్ముకున్నవాళ్ళకి ఊరికే నష్టం. గాలి ఎటూ తిరగలేదు. ఊదింది నేను.

తిండి పక్కన పెట్టేశాను. గోడకి ఫోను ఉంది, నార్బర్ట్ నంబరు నాకు నోటికొచ్చు. రెండుసార్లు లేచి దాని దగ్గరికి వెళ్ళాను. ఆదివారం అందరి ముందూ చెప్తేనే పద్ధతిగా ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. గ్రీన్‌టౌన్ పదకొండు గెలిచి మూడే ఓడింది. వెర్నా తప్పు చేసిందన్న మాట ఆ హాల్లో ఎలా వినిపిస్తుందో తలుచుకుని ఫోను ఎత్తకుండానే తిరిగొచ్చాను.

ఆ ఆదివారం ఎనిమిదోది. ఆటగాళ్ళని మార్చుకోవడానికి అదే ఆఖరి రోజు. చీటీ కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాను. నార్బర్ట్ రాగానే చెప్పేద్దామనుకున్నాను. వచ్చాడు. కాఫీ తాగాక చెప్దామనుకున్నాను. తాగాడు. మొదటి ఆట అయ్యాక అనుకున్నాను. ఈలోపల ఎల్డన్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"వెర్నా! నీ కాగితం పదిసార్లు చదివా!"

"ఊఁ!" అన్నాను.

"డ్వైట్ ఇద్దర్ని ఇస్తానంటున్నాడు! లీమాస్టర్‌నీ, ఇంకో కుర్రాణ్ణీ! ఇద్దరూ గట్టి డిఫెండర్లే! బదులుగా హ్యాచ్‌ని అడుగుతున్నాడు! నాకేం పాలుపోవట్లేదు!"

"ఇస్తే మంచిదే తాతా!" అని అవతలి బల్ల నుంచి డ్వైట్ కేకేశాడు. "గాలి మళ్ళీ తిరిగేలోపల చౌకగా కొంటున్నా! నా దగ్గర ఆపేవాళ్ళు మురిగిపోతున్నారు!"

ఎల్డన్ అతని వైపు చూడలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు. "ఈసారి ఆఖరున ఉంటే నా పని అయిపోయినట్టే! నీకు అంకెలు తెలుసు! ఇచ్చెయ్యమంటావా!"

ఎల్డన్‌కి చెవిలో గుసగుసగా ఏదీ చెప్పలేం. అతనికి చెప్పాలంటే అరవాలి, అరిస్తే ఎనిమిది మందీ వింటారు. మిగతా ఆరుగురూ అప్పటికే పాచికలు ఆపి మా వైపు చూస్తున్నారు. జేబులో చీటీ చేతికి తగులుతోంది.

"నీ ఇష్టం ఎల్డన్!" అని అరిచాను. "నీ జట్టు, నీ ఇష్టం!"

దాన్ని అతను అవునన్న మాటగానే తీసుకున్నాడు. నేను ఆ కాగితం రాశాక ఇంకెలా తీసుకుంటాడు? ఒప్పందం మీద సంతకం పెట్టాడు. హ్యాచ్ కార్డుని చొక్కా చేతికి తుడిచి డ్వైట్‌కి ఇచ్చాడు.

"వీణ్ణి నాలుగు క్వార్టర్లూ ఆడించకు! మూడో దాంట్లో అలిసిపోతాడు!"

"కాగితం అలిసిపోవడమేంటయ్యా!" అన్నాడు డ్వైట్. అన్నాడు గానీ కార్డు జాగ్రత్తగానే పట్టుకున్నాడు.

నేను ఆ రోజు రెండు ఆటలూ గెలిచాను.

సోమవారం, మంగళవారం ఎలా గడిచాయో చెప్పలేను. ఒక ముసలాయన అద్దాలు రెండుసార్లు పాడుచేసి మూడోసారి అరగదీశాను. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? డిఫెండర్ల అంకెలు దిద్దుతారు. ఎల్డన్ తీసుకున్న ఇద్దరూ మామూలు మనుషులైపోతారు, ఇచ్చేసిన హ్యాచ్ అవతల మళ్ళీ మండిపోతాడు. చెప్పకపోతేనే ఎల్డన్‌కి మేలు కదా! ఈ మాట దొరికినందుకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు రోజులు అదే నెమరువేశాను.

బుధవారం సాయంత్రం డ్వైట్ ఫోన్ చేశాడు.

"వెర్నమ్మా, ఒక పని చేసి పెట్టవా? ఆదివారం నీ పెట్టె పట్టుకురా, చీటీలతో సహా. హ్యాచ్ నంబరు మరీ పడిపోయిందనిపిస్తోంది. నాలుగే కోశావా, పొరపాటున ఎక్కువ తెగిందా అని."

"నాలుగే కోశాను."

"నువ్వు తప్పు చేశావని కాదు తల్లీ, ఉట్టి సరదాకి. పాత కార్డులూ కొత్త కార్డులూ పక్కపక్కన పెట్టి చూద్దాం. అన్నీ పట్టుకురా."

ఫోను పెట్టేసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. తేలు కుట్టిన దొంగ పరిస్థితి నాది. పక్కపక్కన పెడితే డ్వైట్‌కి పది నిమిషాలు చాలు. అతను పట్టుకోవడం కంటే నేనే ముందు చెప్పడం నయమనిపించింది. ధైర్యం వచ్చి కాదు, భయం రెండో వైపు నుంచి ఎక్కువైంది కాబట్టి.

ఆదివారం అందరూ కూర్చున్నాక లేచి నిలబడ్డాను. పసుపు చీటీ బల్ల మీద పెట్టి, గొంతు పెంచి, మొత్తం చెప్పాను. నీలం టిక్కు, నల్ల టిక్కు, జులై, సెప్టెంబరు అన్నీ. ఆపేవాళ్ళ కాలమేమీ రాలేదని, అది నా చేతి తప్పని చెప్పాను. గోడవతల కొట్లో నూనె చిటపటలు వినిపించాయి.

ముందుగా నోరు తెరిచింది ఎల్డన్. "అయితే హ్యాచ్ చేతిలో పస పోలేదన్నమాట!"

"లేదు!"

"నేను అనుకుంటూనే ఉన్నా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. వాణ్ణి ఇచ్చేశానన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చినట్టుంది, నవ్వు అక్కడే ఆగిపోయింది.

నార్బర్ట్ నియమాల పుస్తకం తెరిచాడు. మామూలుగా నవ్వుతూ ఉండే మనిషి, ఇప్పుడు కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఆ అద్దాలు నేను అరగదీసినవే.

"ఇవాళ్టి నుంచి దిద్దిన అంకెలతో ఆడదాం. అయిపోయిన ఆటలు అయిపోయినట్టే, వేసిన పాచికని వెనక్కి తిప్పం. మార్పిడి సంగతే తేల్చాలి. డ్వైట్, హ్యాచ్‌ని నువ్వు తిరిగిస్తావా?"

"నేనెందుకివ్వాలి? అతని జేబులోంచి కొట్టేశానా? సంతకం పెట్టి ఇచ్చాడు."

"సరే. అయితే పుస్తకంలో ఇలా ఉంది. కార్డు తప్పని తెలిసి, తయారుచేసినవాళ్ళు దాచి ఉంచినప్పుడు జరిగిన మార్పిడి చెల్లదు. అలా దాచినవాళ్ళ కుర్చీ ఆ సీజన్‌తో పోతుంది." పుస్తకం మీంచి నా వైపు చూశాడు. "అడగాలి కాబట్టి అడుగుతున్నా వెర్నా. నీకెప్పుడు తెలిసింది?"

ఎల్డన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. ఒక్క మాట చెప్తే హ్యాచ్ అతనికి తిరిగొస్తాడు. నా కుర్చీ పోతుంది, నా పేరు పోతుంది, పంతొమ్మిదేళ్ళు పోతాయి.

"మంగళవారం!" అన్నాను. "మార్పిడి అయిన రెండు రోజులకి!"

నార్బర్ట్ తలాడించి పుస్తకం మూసేశాడు. నా మాట మీద అనుమానం ఎవరికి వస్తుంది? కార్డుల పని ఇక ఎవరు చెయ్యాలన్నది సీజన్ చివర ఓటుకి పెడదామన్నాడు. నేను కూర్చున్నాను.

ఆ తర్వాత ఐదు ఆదివారాలు నేను నా ఆటలు చూసుకున్నది తక్కువ, ఎల్డన్ బల్ల వైపు చూసింది ఎక్కువ. దిద్దిన అంకెలతో సగటు నూట నాలుగుకి ఎక్కింది, అచ్చం నా అంచనా ప్రకారమే. అది చూసి సంతోషించే మొహం నాకు లేదు. గ్రీన్‌టౌన్ మూడో స్థానానికి జారింది, పోతే పోయిందనుకున్నాను. హ్యాచ్ టిప్టన్ తరఫున ఆటకి ముప్పై, ముప్పై ఐదు వేస్తున్నాడు. ఎల్డన్ ఒకటి గెలిస్తే రెండు ఓడుతున్నాడు. ప్రతి ఆదివారం ఇంటి నుంచి బయల్దేరుతూ ఇవాళ నార్బర్ట్‌కి చెప్పేస్తాననుకుంటాను. తీరా వెళ్ళాక, వచ్చే వారం అతను రెండూ గెలిస్తే అసలు అవసరమే ఉండదు కదా అనుకుంటాను. ఎల్డన్ పాచికలు వేసినప్పుడల్లా నేను లోపల దణ్ణాలు పెట్టాను. చర్చిలో కూడా అంత భక్తి నాకెప్పుడూ లేదు.

ఫిబ్రవరి ఇరవై, ఆఖరి ఆదివారం. అడుగున ఎల్డన్ బంకర్ హిల్, పెరూ అన్న పక్క ఊరి పేరుతో ఆడే జట్టు సమానంగా ఉన్నాయి. పెరూ తన చివరి ఆట అప్పుడే ఓడిపోయింది. ఎల్డన్ తన చివరి ఆట గెలిస్తే చాలు, కుర్చీ నిలుస్తుంది; ఓడితే మాత్రం, ఇద్దరూ సమానమైనప్పుడు పోయిన సీజన్ ఆఖరువాళ్ళే మళ్ళీ ఆఖరన్నది నియమం. ఎదుటి జట్టు టిప్టన్.

మిగతా ఆటలన్నీ అయిపోయి అందరం ఆ బల్ల చుట్టూ చేరాం. కొట్టు యజమానురాలు కూడా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. బంకర్ హిల్ తొంభై ఏడు, టిప్టన్ తొంభై ఆరు. ఇక ఒక్క షాటే మిగిలింది, అది టిప్టన్‌ది. ఎవరి చేత వేయించాలో డ్వైట్ ఇష్టం. హ్యాచ్ కార్డు ముందుకి జరిపాడు. ఎల్డన్ లీమాస్టర్‌ని ఎదురు నిలబెట్టాడు. హ్యాచ్‌ది యాభై ఒకటి, లీమాస్టర్‌ది ఐదు. నలభై ఆరు దాటితే ఎల్డన్ బతికినట్టు.

డ్వైట్ పాచికలు వేశాడు. ఎర్రది నాలుగు. తెల్లది దొర్లి దొర్లి ఆగింది, అదీ నాలుగే.

నా తప్పు కార్డు మీద లీమాస్టర్ అంకె తొమ్మిది. తొమ్మిది తీసేస్తే నలభై రెండు, నలభై నాలుగు పడేది కాదు. అసలు హ్యాచ్ అతని దగ్గరే ఉండుంటే ఈ షాటే ఉండేది కాదు. ఈ రెండు లెక్కలూ ఆ హాల్లో వేసింది నేనొక్కదాన్నే.

డ్వైట్ పాచికల మీదికి వంగి చూశాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"నలభై నాలుగు!" అన్నాడు ఎల్డన్. "పడింది!" అని తన ఓటమి తానే కాగితం మీద రాసుకున్నాడు.

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. మామూలు గొంతుతో అందామని చూశాడు గానీ ఎల్డన్‌కి వినపడదు. పాపం, ఆ మాట కూడా అరిచే చెప్పాల్సి వచ్చింది. "ఎల్డన్! మూడో సీజన్! నియమం ప్రకారం నీ కుర్చీ..."

"తెలుసు! తెలుసు!" అన్నాడు ఎల్డన్. "ఇంకా లేవలేదుగా! ఒక ఓటు మిగిలే ఉంది! కార్డుల పని ఎవరికివ్వాలి, అదేగా!"

"అవును!"

ఎల్డన్ నా వైపు తిరిగాడు. "వెర్నా దగ్గరే ఉంచండి! తప్పు ఎవరైనా చేస్తారు! మొదటి స్థానంలో ఉండి, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి నాదే తప్పని ఎంతమంది చెప్తారు! నేనైతే చెప్పేవాణ్ణి కాదు! ఆ మనిషి చేతిలో ఉంటే నా ఆటగాళ్ళు... మీ ఆటగాళ్ళు క్షేమంగా ఉంటారు!" అని చెయ్యెత్తాడు. అతని వెనకే డ్వైట్ ఎత్తాడు, తర్వాత అందరూ ఎత్తారు.

ఆ ఎత్తిన చేతులన్నీ ఒక్కొక్కటే చూశాను. లేచి నిలబడ్డానని కూడా నాకు తెలియదు.

"గురువారం," అన్నాను. ఆ హాల్లో పనికిరానంత మెల్లగా అన్నాను.

"ఏంటీ?" అన్నాడు నార్బర్ట్.

"మంగళవారం కాదు. దాని ముందు గురువారం. అతను సంతకం పెట్టకముందే నాకు తెలుసు."

ఒక్కొక్క చెయ్యీ దిగింది. ఎల్డన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఏమంటోంది? ఏమైంది?"

ఎవరూ చెప్పలేదు. ఏ మాటైనా నిమిషంలో అతనికి అరిచి చెప్పే డ్వైట్ కూడా పాచికల వైపు చూస్తూ కూర్చున్నాడు. నార్బర్ట్ కలం కింద పెట్టేశాడు.

"నువ్వే చెప్పు," అన్నాడు నాతో. "నేను చెప్పను."

చెప్పాను. ఊరంతా వినేంత గట్టిగా చెప్పాను. "నాకు ముందే తెలుసు ఎల్డన్! హ్యాచ్‌ని ఇచ్చెయ్యకముందే తెలుసు! ఇవ్వమంటావా అని నువ్వు నన్నడిగినప్పుడు చీటీ నా జేబులోనే ఉంది! నార్బర్ట్ అడిగిన రోజే నిజం చెప్పుంటే వాడు నీకు తిరిగొచ్చేవాడు! నా కుర్చీ పోతుందని అబద్ధం చెప్పాను!"

గుమ్మంలో కొట్టు యజమానురాలు తల దించుకుంది. ఎల్డన్ కోపం నేనెప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. బల్ల మీద కార్డులన్నీ ఒక్కొక్కటే పోగుచేసి, అంచులు సరిచేసి, నార్బర్ట్ ముందుకి జరిపాడు. వచ్చేవాడికోసం. తర్వాత లేచి కోటు వేసుకుంటూ, ఆ హాల్లో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా మాట్లాడాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

నేను అతని వైపు ఒక అడుగు వేశాను.

"ఇప్పుడది నాకేం పనికొస్తుంది వెర్నా? ఇది కూడా నీ కోసమే చెప్పుకున్నావు."

టోపీ పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. "ఎల్డన్," అన్నాను. అతను తలుపు తీస్తున్నాడు, వీపు నా వైపు ఉంది. ఇంకాస్త గట్టిగా పిలవాలి. నాకు నోరు రాలేదు.